చెవులకి చెక్క చిప్పలు

"బావా, నువ్వు రాసిన ఆ వెచ్చదనం ఏ పాటలో ఉంటాదో సెప్పవా? మూడు నెల్లనించి ఎతుకుతన్నాను."

సంక్రాంతికి శ్రీకూర్మం వెళ్తే, మా మేనత్త కొడుకు ఇంకా చెప్పులైనా విప్పకుండానే అడిగిన మాట ఇది. వెక్కిరింపైతే బాగుండేది. వాడు నిజంగానే వెతుకుతున్నాడు. శ్రీకాకుళంలో సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తాడు. ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి జముకుల కథ చెప్పేవాళ్ల పాటలు రికార్డు చేసుకుంటాడు. ఆ రికార్డింగుల్ని సరిదిద్దుకోవడానికని, నేను రాసిన సమీక్ష చదివి, ఇరవై నాలుగు వేలు పెట్టి వాల్‌నట్ చెక్క కప్పుల క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ కొన్నాడు. పన్నెండు నెలల ఈఎంఐ.

ఆ సమీక్షలో నేను రాసిన వాక్యం నాకు బాగా గుర్తు. చెక్కలోని సహజమైన వెచ్చదనం గాయకుడి గొంతులోకి దిగిందని రాశాను. అది విని రాసింది కాదు. పెట్టె మీద ఉన్నదాన్ని తెలుగులోకి దించాను, అంతే. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వాళ్లు అమ్ముకునేవాళ్లు, అమ్ముకునే మాటలే చెప్తారు. నేను వినేవాణ్ణి కదా, నాకేమైంది?

హెడ్‌ఫోన్ల గురించి తెలుగులో ఇప్పుడు చాలామందే రాస్తున్నారు. మంచిదే. కానీ కప్పు చెక్కదైతే చాలు, మనందరి చెవులూ ఒకే పాట పాడతాయి. డెనాన్ మహాగనీ పెడితే వెచ్చదనం. ఆడియో-టెక్నికా చెర్రీ పెడితే వెచ్చదనం. ఫోస్టెక్స్ టీహెచ్900కి చెక్క మీద ఉరుషి లక్క పూసి, చెక్కన్నదే కనబడకుండా ఎర్రగా మెరిపించినా వెచ్చదనమే. డెనాన్ డి9200 కప్పులు వెదురువి. వెదురు చెట్టు కూడా కాదు, గడ్డి జాతి. దానికీ 'ఆర్గానిక్' అన్న కితాబు దక్కింది. ఇన్ని చెక్కలకీ ఒకటే విశేషణం సరిపోతోందంటే, మనం వింటున్నది చెక్కని కాదు, చెక్క అన్న మాటని.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గర ఒకసారి కూర్చున్నాను. పనస దుంగ. కుండా దండీ ఒకే దుంగలోంచి తొలిస్తే అది ఏకాండి వీణ. తొలుస్తూ తొలుస్తూ మధ్యలో ఆగి, వేలి కణుపుతో కొట్టి వింటారు. ఎక్కడ ఇంకా మందం తియ్యాలో ఆ చప్పుడే చెప్తుంది. అక్కడ చెక్క పని మోగడం. తీగ ఒక్కటే మోగితే పక్క గదిలోకి కూడా వినబడదు. తీగ కదలిక బ్రిడ్జి మీదుగా పలకలోకి, కుండలోకి దిగి చెక్కంతా కదిలితేనే అది వీణ పలుకు. పనస బదులు ఇంకేదైనా వేస్తే పలుకు మారుతుందని ఆ చేతులకి తెలుసు.

క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్‌లో జరిగేది దీనికి సరిగ్గా ఎదురు. డ్రైవర్ పరద ముందుకీ వెనక్కీ కూడా శబ్దాన్ని తోస్తుంది. ముందుది చెవికి వెళ్తుంది. వెనకది బయటికి పోకుండా, తిరిగొచ్చి ముందుదాన్ని పాడుచెయ్యకుండా ఆపడమే కప్పు పని. అది మోగకూడదు. మోగిందంటే అది లోపం. మరి ఆ వెచ్చదనం ఎక్కడుంటుంది? మనం అలా పిలిచేది సాధారణంగా 200 హెర్ట్జ్‌ల చుట్టుపక్కల కాస్త ఎత్తుగా ఉండే శబ్దాన్ని. ఆ తరంగం పొడవు సుమారు 1.7 మీటర్లు. కప్పు లోతు మూడో నాలుగో సెంటీమీటర్లు. అంత పెద్ద అలకి ఆ చిన్న గదిలో గోడ వాల్‌నట్టా ప్లాస్టిక్కా అన్న తేడా దాదాపు తెలియదు. గోడ గట్టిగా ఉంటే చాలు. లోపలున్న గాలి ఎంత, అది ఎక్కడినించి ఎంత జారిపోతోంది, ఇవే లెక్క.

ఇది పుస్తకంలో చదివి నమ్మమనను. అదే మోడల్ నా దగ్గర కూడా ఉంది, ఏడాది వాడినది. భోజనాలయ్యాక మా అరుగు మీద రెండూ పక్కపక్కన పెట్టాం. పాట వాడి రికార్డింగే. జముకు తీగని లాగి వదిలినప్పుడు అడుగునించి జారుతూ లేచే ఆ 'గుంయ్' కంటే గట్టి పరీక్ష బేస్‌కి ఇంకోటి ఉండదు. వాడి హెడ్‌ఫోన్‌లో గుంయ్ నిండుగా ఉంది. నాదాంట్లో పీలగా, దూరంగా ఉంది. చెక్క ఒకటే, కంపెనీ ఒకటే, డ్రైవర్ ఒకటే. తేడా ఇయర్‌ప్యాడ్లలో. నావి అణిగిపోయి, పైపొర పొట్టులా రాలుతోంది. ప్యాడ్లు అటూ ఇటూ మార్చాం. నిండుదనం ప్యాడ్లతో పాటు నా హెడ్‌ఫోన్‌లోకి వచ్చేసింది. తర్వాత నేను కళ్లజోడు పెట్టుకున్నాను. జోడు కాడ దగ్గర సందు పడి సగం బేస్ పోయింది. కప్పు లోపల ఇంత దూది కూరాం. మళ్లీ ఇంకోలా వినబడింది.

"అయితే కర్రేటి సేత్తంది బావా?" అన్నాడు.

దానికి నిజాయితీగా జవాబు చెప్పాలి, ఎందుకంటే చెక్క చేసే పని కొంత ఉంది. పల్చని ప్లాస్టిక్ కప్పుని గోటితో కొడితే టక్కుమంటుంది, చెక్కని కొడితే డొబ్బుమని ఆగిపోతుంది. కదలికని తొందరగా చంపేస్తుంది. లోపలి గోడల్ని గిన్నెలా గుండ్రంగా తొలవొచ్చు. అప్పుడు పై స్థాయి శబ్దాలు ఎదురెదురు గోడల మధ్య తగులుకోవు. బరువు కూడా తక్కువే. మెజె 99 క్లాసిక్స్ వాల్‌నట్ కప్పులతో 260 గ్రాములే. ఇవన్నీ మంచి గోడ లక్షణాలు. మంచి ప్లాస్టిక్‌తో, లోపల సరైన ఫెల్ట్‌తో కూడా ఇవి సాధించొచ్చు.

1989 నాటి సోనీ ఎండీఆర్-ఆర్10ని ఉదాహరణగా తెస్తారు. రెండు వందల ఏళ్ల జెల్కోవా చెట్టు కథ చెప్తారు. అందులో బయోసెల్యులోజ్‌తో ప్రత్యేకంగా చేసిన డయాఫ్రమ్ కూడా ఉందని మాత్రం మాటవరసకైనా అనరు. చెట్టుకి కథ ఉంది, డయాఫ్రమ్‌కి లేదు, అదీ సంగతి. ఇక ధర పెరిగితే శబ్దం మెరుగవుతుందన్న నమ్మకం ఒకటి. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు పరిశీలించి, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ ధరకీ సంబంధం కనబడలేదని తేల్చాడు. ఆ సంగతి నా సమీక్షకి ముందే నాకు తెలుసు. అయినా రాశాను.

అందం కూడా వినికిడిలో భాగమే కదా అని కొందరు మిత్రులంటారు. నిజమే. చేతిలోకి తీసుకోగానే ఆ చారలు చూసి మనసు మెత్తబడుతుంది, పాట ఇంకాస్త బావుంటుంది. అలాగైతే అందానికని రాయండి. ఇరవై నాలుగు వేలలో ఇంత చూపుకి, ఇంత చెవికి అని విడదీసి చెప్పండి. గొల్లపల్లిలోనే సన్మానాలకి ఇచ్చే చిన్న వీణలు కూడా చేస్తారు. ముచ్చటగా ఉంటాయి, షోకేసులో పెట్టుకుంటాం. వాటి గమకాల గురించి ఎవరూ వ్యాసం రాయరు.

అదీకాక, అసలు చూడాల్సినవాటిని ఈ చెక్క మోజు మింగేస్తోంది. మాది సముద్రం గాలి తగిలే ఊరు. చెమటకీ ఉప్పగాలికీ ముందు పోయేది ప్యాడ్. దాన్ని అతికించారా, తీసి మార్చుకునేలా పెట్టారా? విడిగా దొరుకుతుందా? కేబుల్ ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చా? కప్పులో స్క్రూ నేరుగా చెక్కలోకే దిగుతోందా, లోపల ఇత్తడి మర ఉందా? నేరుగా చెక్కలోకైతే నాలుగుసార్లు విప్పేసరికి పట్టు వదులుతుంది. నా సమీక్షలో వీటి గురించి ఒక్క వాక్యం లేదు. వాల్‌నట్ చారల మీద మాత్రం రెండు పేరాలు.

మా అమ్మ చాటలో బియ్యం ఏరుతూ ఇదంతా చూస్తోంది. "చెవులకి ఆ తాబేటి చిప్పలేట్రా ఇద్దరికీ" అంది. కూర్మనాథుడి గుడి పక్కన పుట్టి పెరిగి, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లకి ఆకుకూరలు వేసిన మనిషి, ఆ పోలిక రావడం సహజం. సరస్వతి వీణకి కచ్ఛపి అని పేరు, అంటే తాబేలే అని నేనేదో అనబోయాను. "అది పలుకుతాది, ఇది మూస్తాది" అనేసి బియ్యంలోకి తల దించేసింది. పైన నేను పేరాలకి పేరాలు రాసింది ఇంతే.

పాత సమీక్షలో ఆ వాక్యం తీసెయ్యమని సంపాదకులకి రాశాను. తీసేస్తే ఎవరికీ తెలీదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. మా వాడు హెడ్‌ఫోన్ అమ్మేస్తానంటే వద్దన్నాను. వాడిన వస్తువుకి సగం ధర కూడా రాదు, పైగా ఆ జముకు అందులో బాగానే వినబడుతోంది. ప్యాడ్లు కొత్తగా ఉన్నన్నాళ్లూ వినబడుతుంది. ఇంకో జత నేనే కొని పంపాను. వాయిదాలు మాత్రం ఇంకా తొమ్మిదున్నాయి.