ఆల్చిప్ప చేసిన నేరమేమి?

సముద్రాలన్నీ కలిసే ఉన్నాయి కదా, ఒకచోటి ఆల్చిప్ప ఇంకొకచోట ఎందుకుండదని చిన్నప్పుడు నాకొక సందేహం. నీటిలోనూ గోడలుంటాయని అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

ఆల్చిప్పలు, పగడాల వంటి వెన్నెముక లేని జీవులలో చాలావాటికి ప్రయాణమంతా పసితనంలోనే. కంటికి ఆనని డింభకాలుగా కొన్ని రోజులో వారాలో ప్రవాహంలో కొట్టుకుపోతాయి. ఆ గడువులోగా తగిన చోటు దొరికితే బతుకుతాయి. వెచ్చని నీటికి అలవాటుపడ్డవాటికి ఖండాల దక్షిణపు కొసల చలి ఒక గోడ. తూర్పు పసిఫిక్‌లో దీవులు లేని వేల కిలోమీటర్ల లోతునీరు మరొక గోడ. పనామా వద్దనైతే సుమారు 30 లక్షల ఏళ్ళ క్రితం నేలే పైకి లేచి రెండు సముద్రాలను విడదీసింది. పంజాతో చిటికె వేసినట్టు చప్పుడు చేసే రొయ్యలు అటు కొన్ని, ఇటు కొన్ని మిగిలాయి. నాన్సీ నోల్టన్ బృందం ఆ రెండు వైపుల రొయ్యలను జతకట్టించి చూసి 1993లో ఫలితాలు ప్రకటించింది. చూపుకు కవలలే అయినా నూటికొక జంట తప్ప సంతానానికి నోచుకోలేదు. దాయాదుల కథలు మనకు కొత్త కావు గాని, ఇంత పాత పంపకాన్ని నేను వినలేదు.

అటువంటి గోడలను మన ఓడలు దాటించాయి. మధ్య అమెరికా తీరాల చిన్న ఆల్చిప్ప ఒకటి, మైటిలోప్సిస్ సల్లై, 1967లో మన విశాఖపట్నం రేవులో కనబడింది. అదే జాతి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో బయటపడగా, అక్కడివారు పడవలు నిలిపే నీటిలో క్లోరిన్, మైలుతుత్తం పోసి మిగతా జీవులతో సహా చంపి వదిలించుకున్నారు.

అది తప్పని నేననను. ఊరుకుంటే స్థానిక జీవులకు చోటు మిగిలేది కాదు. నాకు మింగుడుపడనిది 'దురాక్రమణ జాతి' అన్న మాట. ఆక్రమించాలన్న తలంపు ఆ ఆల్చిప్పకెక్కడిది? ఓడ ఎక్కించినది మనమే కదా!

ప్రకృతి కూడా ఇలా మోసుకుపోతుంది కదా అని మీరనవచ్చు. 2011 జపాన్ సునామీ తరువాత ఆరేళ్ళలో అక్కడి జాతులు దాదాపు 290 ప్రాణాలతో ఉత్తర అమెరికా, హవాయి తీరాలు చేరాయి. అయితే పూర్వపు సునామీలు కొట్టుకుపోయినది ఎక్కువగా కొయ్యను. దానిని పురుగు తొలిచేది, నడిసముద్రంలోనే మునిగేది. ఈసారి ఏళ్ళ తరబడి తేలినవి ప్లాస్టిక్కు సామాను, ఫైబరు పడవలు.

ఓడలు తూకానికి నింపుకునే నీటిపై 2017 నుంచి అంతర్జాతీయ ఒప్పందం అమలులో ఉంది. ఓడ అడుగున అంటుకుని వచ్చేవాటి విషయంలో మాత్రం ప్రపంచమంతటికీ ఉన్నవి మార్గదర్శకాలే. మైటిలోప్సిస్ బాగా ఇష్టపడే చోటు ఆ అడుగుభాగమే.