చిన్న రైలుదారులు

మనదేశమున రైల్వేలనుగూర్చి చర్చ వచ్చినపుడెల్ల అది ప్రయాణికుల బండ్లనుగూర్చియే జరుగుచుండును. క్రొత్తబండికి జెండా యూపుట, ఏ స్టేషనున ఏ ఎక్స్‌ప్రెసు ఆగవలెననుట, టిక్కెట్టు ధర పెరిగెనా తగ్గెనా యనుట, ఇవియే మన శాసనసభ్యులకును పత్రికలకును ప్రధానవిషయములు. ఈ బండ్లకు దారి యిచ్చుటకై స్టేషనువెలుపల గంటలకొలది నిలిచియుండు గూడ్సుబండి సంగతి పలుకువారు లేరు. విద్యుచ్ఛక్తి కేంద్రములకు బొగ్గును, పొలములకు ఎరువును, చౌకడిపోలకు బియ్యమును తెచ్చునది ఆ బండియే. అంతియకాదు, ప్రయాణికుని టిక్కెట్టుపై రైల్వేకు వచ్చు నష్టమును పూడ్చుచున్నదియు సరకుల కిరాయియే. ఇంటిల్లిపాదిని పోషించు పెద్దకొడుకునకు వసారాలో విస్తరి వేసినట్లున్నది మనవారి వరుస.

స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్ళలో, అనగా 1950-51 ప్రాంతమున, దేశములో సాగిన సరకులలో నూటికి 80 పాళ్ళకు మించి రైలుమీదనే సాగెను. నేడది నాలుగవవంతునకు కొంచెము పైమాటగా నిలిచినది. 2030 నాటికి దీనిని నూటికి 45 పాళ్ళకు తేవలెనని జాతీయ రైలు ప్రణాళిక సంకల్పించినది. పంజాబునుండి బీహారునకును, ఢిల్లీ పొరుగునుండి బొంబాయి రేవునకును సరకులకే ప్రత్యేకించి రెండు గొప్పదారులను, రెండును కలిపి 2,800 కిలోమీటర్లకు పైగా, వేయబూనిరి. ఇది మెచ్చదగిన కార్యమే. కాని రాజమార్గము ఎంత విశాలమైనను, తన వాకిటినుండి దానిని చేరుటకు బాటలేనివానికి అది యుండియు లేనట్లే. మిల్లునుండి, మార్కెట్టు యార్డునుండి, రైతు గిడ్డంగినుండి పెద్దదారివఱకు గల మొదటి పదిమైళ్ళ సంగతి ఏమని మేము అడుగుచున్నాము. ఈ ప్రశ్న అమెరికావారికి మనకంటె ముందే ఎదురయినది. వారు దానికి చెప్పిన సమాధానము మన పాఠకులు తెలిసికొనదగియున్నది.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1916 నాటికి రైలుదారుల నిడివి 2,54,000 మైళ్ళు. అంతకుమించి అది ఎన్నడును పెరుగలేదు. తరువాత మోటారులారీ వచ్చినది. ప్రభుత్వధనముతో రాజపథములు వచ్చినవి. రైలుకంపెనీలకు తమ కిరాయిని తాము నిర్ణయించుకొను స్వేచ్ఛ లేదు, నష్టము తెచ్చు శాఖను విడుచుటకు సులభముగా అనుమతియు లేదు. 1970లో పెన్ సెంట్రల్ అను మహాసంస్థ దివాలా తీసెను. 1980 మార్చిలో రాక్ ఐలండు రైల్వే పూర్తిగా ఆగిపోయెను. ధాన్యపు గాదెలు ప్రక్కనే యున్నవి, పట్టాలును ఉన్నవి, బండి మాత్రము రాదు. అట్టి తరుణమున 1980 అక్టోబరు 14వ తేదీన స్టాగర్సు శాసనముపై అధ్యక్షుడు కార్టరు చేవ్రాలు చేసెను. కిరాయిలపై కట్టుబాట్లు సడలినవి. పెద్ద కంపెనీలు తమకు గిట్టుబాటుకాని శాఖలను ఊడబెరుకుటకు మాఱుగా ఇతరులకు అమ్ముటకు వీలు కలిగినది.

ఆ శాఖలను కొన్నవారు ఎవరు? కొన్నిచోట్ల స్థానిక వర్తకులు, కొన్నిచోట్ల రాష్ట్ర ప్రభుత్వములు, మఱికొన్నిచోట్ల రేవుల యాజమాన్యములు. వీనిని అచ్చట షార్టు లైను రైల్వేలందురు. మేము చిన్నదారులందుము. 1980 నాటికి ఇట్టి దారుల నిడివి 8,000 మైళ్ళని వారి సంఘమువారి లెక్క. నేడు సుమారు 600 చిన్న కంపెనీలు దేశములోని సరకుదారులలో దాదాపు పదింట మూడుపాళ్ళు నడుపుచున్నవి. వీనిలో వందలమైళ్ళవియు కలవు, నాలుగున్నర మైళ్ళవియు కలవు. పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గు రైల్వే 1832లో పుట్టినది. దాని నిడివి నాలుగున్నర మైళ్ళే. వేడుకకై వచ్చువారిని పాత ఆవిరియింజనుతో త్రిప్పుచు, నేటికిని సరకులను మోయుచున్నది.

పెద్ద కంపెనీ చేయలేని పనిని చిన్నది ఎట్లు చేయుచున్నది? రహస్యమేమియు లేదు. పెద్ద కంపెనీకి కావలసినది నూఱు వ్యాగనుల బండి, వేయిమైళ్ళ ప్రయాణము. ఒక కఱ్ఱకోతమిల్లువద్ద రెండు వ్యాగనులను, ఒక ఎరువుల గిడ్డంగివద్ద మూడింటిని తగిలించుకొనుటకు దాని యింజను ఆగినచో దానికి నష్టము. చిన్నదారికి అదియే వ్యాపారము. నలుగురైదుగురు పనివారు, పాత యింజను ఒకటి. నేడు బండి నడిపినవాడే రేపు పట్టా బిగించును. మేనేజరు మిల్లు యజమానిని పేరుపెట్టి పలుకరించును. అయిదు, పది వ్యాగనులను ఒకచోట చేర్చి, జంక్షనులో పెద్ద కంపెనీకి అప్పగించును. అచ్చటినుండి అవి దేశమంతయు తిరుగును.

వాషింగ్టను రాష్ట్రమునకు తూర్పున పలూస్ అను గోధుమసీమ కలదు. అలలవంటి మెట్టలపై గోధుమయే ప్రధానపంట. అచ్చటి శాఖలను పెద్ద కంపెనీలు 1990 దశకమున అమ్మివేసినవి. కొన్న చిన్న కంపెనీకిని గిట్టలేదు. దారి ఎత్తివేయుటయే తరువాయి యనగా రాష్ట్ర ప్రభుత్వము 2004-2007 మధ్య దానిని తానే కొనెను. దాదాపు 300 మైళ్ళు. నేల రాష్ట్రముది, పట్టాలు రాష్ట్రమువి, బండ్లు నడుపువారు మాత్రము ప్రైవేటువారు. ఆ దారి పోవు నాలుగు కౌంటీలు కలిసి ఒక అథారిటీగా ఏర్పడి దానిని కనిపెట్టుచున్నవి. ఈ కొనుగోలు ఖాతాపుస్తకమున లాభముగా కనబడకపోవచ్చును. కాని దారియే లేకున్నచో ఆ గోధుమయంతయు కౌంటీల రోడ్లమీద లారీలలో పోవలసియుండెను. ఆ రోడ్ల మరమ్మతునకు డబ్బు ఎవరియ్యవలెను? ఆ రైతులే, పన్నురూపమున. ఒక జేబునుండి మిగిల్చి మఱియొక జేబునుండి పోగొట్టుకొనుట మితవ్యయము కాదని అచ్చటి ప్రభుత్వము గుర్తించినది.

రైలు చౌక యనుటకు కారణము యంత్రశాస్త్రమున నున్నది. ఉక్కుపట్టాపై ఉక్కుచక్రము దొర్లునపుడు కలుగు రాపిడి, తారురోడ్డుపై రబ్బరుచక్రమునకు కలుగు రాపిడిలో స్వల్పభాగమే. అందుచేత అమెరికాలో ఒక గ్యాలను నూనెతో ఒక టన్ను సరకు సగటున 480 మైళ్ళ వఱకు రైలుమీద పోవుచున్నది. లారీకంటె ఇది మూడు నాలుగు రెట్లు మేలు. ఒక్క వ్యాగను సరకు మూడు నాలుగు లారీల సరకునకు సమానము. రోడ్డు సంగతియు చూడుడు. 1958-60లో ఇల్లినాయి రాష్ట్రమున లారీలను త్రిప్పి చేసిన ప్రసిద్ధ పరీక్షలవలన, ఇరుసుపై బరువు రెట్టింపైనచో రోడ్డునకు కలుగు చెరుపు సుమారు పదునాఱు రెట్లగునని తేలినది. ఈ చెరుపునకు తగిన మూల్యమును లారీ ఎచ్చటను చెల్లించుటలేదు. అమెరికాలో రైలుకంపెనీయో, తన పట్టాను తానే వేసికొని, తానే బాగుచేసికొని, దానిపై పన్నుకూడ కట్టుచున్నది. పాతిక టన్నుల లారీకి రోడ్డు ప్రజలు వేసి యిచ్చినపుడు, పదిమైళ్ళ పట్టాకు ప్రజాధనము కొంత చేర్చుట అన్యాయమని ఎవరనగలరు?

అమెరికావారి పద్ధతి నిర్దుష్టమని మేము చెప్పబోము. నేటి పెద్ద వ్యాగను నిండిన బరువు 2,86,000 పౌనులు. పూర్వపు తేలికపట్టాలును కఱ్ఱవంతెనలును దానిని మోయలేవు. అందులకై 2004 శాసనముతో పట్టా మరమ్మతుచేయు చిన్నదారులకు పన్నులో తగ్గింపు నిచ్చి, 2020 డిసెంబరులో దానిని శాశ్వతము చేసిరి. ప్రజాధనపు ఊతలేకయే అవి నిలిచినవని చెప్పుట సరికాదు. ఖర్చు తగ్గించుటయనగా పలుచోట్ల పనివారి జీతము తగ్గించుటయే యైనది. ఇదియును దాచరాదు. పైగా చిన్నవన్నియు చిన్నవిగానే యుండుటలేదు. 1899లో న్యూయార్కు రాష్ట్రమున ఒక ఉప్పుగనికై 14 మైళ్ళ దారితో ఆరంభించిన జెనెసీ అండ్ వ్యోమింగు కంపెనీ నేడు నూఱింటికి మించిన చిన్నదారులను తన గుప్పిట నుంచుకొన్నది. 2019లో దానిని విదేశ మూలధనము గల సంస్థలు ఎనిమిది వందల కోట్ల డాలర్లకు పైబడి పెట్టి కొనుటకు ఒడంబడినవి. యజమాని మిల్లువానిని పేరుపెట్టి పిలుచుట ఇంకను ఎంతకాలము సాగునో!

ఇక మన సంగతి. సరకులకై వేసిన చిన్నదారి మనకు క్రొత్తది కాదు. బొంబాయి-ఠాణా బండి 1853లో నడచెనని బడిపిల్లలందఱు వల్లింతురు. అంతకు ఎనిమిదేండ్లు ముందే, 1845లో, గోదావరి ఆనకట్టకు రాళ్ళు మోయుటకై ధవళేశ్వరమున పట్టాలు పడినవి. రైళ్ళకంటె కాలువలే మేలని జీవితాంతము వాదించిన కాటన్ దొర తన ఆనకట్టకు పట్టాల సాయమునే కోరుట వినోదము. తంజావూరు జిల్లాబోర్డువారు 1894 నాటికే తమ సొంత రైలుదారిని తెఱచిరి. స్థానికసంస్థ రైలు నడుపలేదనువారు ఆ చరిత్ర చదువుకొందురుగాక.

పరప్రభుత్వము మన చిన్నదారులను ఎట్లు చూచెనో కాకినాడ-కోటిపల్లి దారి సాక్ష్యము. అది 1928లో వచ్చినది. రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా గౌతమీతీరము చేరు 45 కిలోమీటర్ల దారి. ఇంగ్లీషువారి యుద్ధమునకు ఇనుము కావలసి 1940లో దానిని ఊడబెరికిరి. అది మఱల లేచుటకు 2004 వఱకు పట్టినది. అనగా పరులు పెరికిన పట్టాను తిరిగి వేయుటకు మన సొంత ప్రభుత్వమునకు 57 ఏండ్లు కావలసివచ్చినది! ఆనాటి కిరాయిలును అట్టివే. రేవునకు పోవు ముడిసరకునకును రేవునుండి లోనికి వచ్చు సీమసరకునకును తక్కువ, దేశములో ఊరినుండి ఊరికి పోవు సరకునకు ఎక్కువ. మన పూర్వులు ఎలుగెత్తి ఖండించిన అన్యాయమది.

నేడు పరులు లేరు. అయినను చిన్నవానికి రైల్వే తలుపు మూసియే యున్నది. 1980 దశకమునుండి మన రైల్వేవారు విడివిడి వ్యాగనుల సరకును క్రమముగా విడిచి, నిండుబండినే, అనగా వారి మాటలో రేక్‌నే, ఆదరించుచున్నారు. ఒక రేక్ రెండున్నరవేల టన్నులకు పైమాట. ఏబది కిలోల బస్తాలైనచో ఏబదివేలు. ఒక సామాన్యపు బియ్యపుమిల్లు ఏబదివేల బస్తాలను ఒక్కనాడు ఎట్లు తేగలదు? తెచ్చినను, హమాలీలను కూర్చుకొని నియమితకాలములో ఎత్తించనిచో డెమరేజి తప్పదు. కావున మిల్లువాడు లారీని పిలుచుచున్నాడు. అంబాజీపేట కొబ్బరివర్తకుడును అంతే. బొగ్గునకును, సిమెంటునకును, ఇనుపఖనిజమునకును రైలు కలదు. కొబ్బరికాయకు లేదు. రైల్వేకు ఇది సౌకర్యముగా తోచవచ్చును. దేశమునకు ఇది నష్టము. మనము వాడు ముడినూనెలో నూటికి 85 పాళ్ళకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. లారీ త్రాగు ప్రతి లీటరు డీసెలును పరులకు మనమిచ్చు కప్పమే.

చిన్నసరకు రైలెక్కదని అనుటయు సరికాదు. 2020 సెప్టెంబరు 9న అనంతపురమునుండి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు బయలుదేరినది. కిరాయిలో సగము ప్రభుత్వము భరించినది. రేక్ నిండ ఒకే సరకుండనక్కఱలేదు, ఒకే యజమాని యుండనక్కఱలేదు. రైతులు ఉత్సాహముతో వచ్చిరి. ఈ ప్రయోగమును శాశ్వత మార్గముగా మార్చవలసినది పోయి, దానిని సహాయధనమునకు ముడివేసి, ఆ ధనము నిలిచినతోడనే చల్లబడనిచ్చిరి.

రైల్వే ప్రైవేటుపరము కావలెనని మేము కోరుటలేదు. పలూస్ వలె పట్టా ప్రజలదిగానే యుండి, మొదటి పదిమైళ్ళ సరకు సేకరణను రాష్ట్ర ప్రభుత్వమో, రేవు సంస్థయో, మార్కెట్టు కమిటీయో, సహకార సంఘమో చేపట్టుటకు వీలు కల్పింపుమని కోరుచున్నాము. 2021లో ప్రకటించిన గతిశక్తి కార్గో టెర్మినలు పద్ధతి మూలధనము గలవారికి మార్గము చూపినది. మూలధనము లేక సరకు మాత్రమే గలవారికి అట్టి మార్గమే చూపవలెను. అయిదు వ్యాగనులు తెచ్చినవానిని త్రిప్పిపంపక, జంక్షనులో రేక్ కూర్చు బాధ్యతను రైల్వే వహింపవలెను.

ప్రత్యేక రైల్వే బడ్జెటు 2017తో అంతరించినది. పార్లమెంటులో ప్రశ్నలు వేయు హక్కు అంతరింపలేదు. గడచిన నలుబది యేండ్లలో ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములలో ఎన్ని గూడ్సుషెడ్లు మూతపడినవో, ఎన్ని సైడింగులు ఊడదీయబడినవో, స్టేషనువారీగా పట్టిక సభ ముందుంచుమని మన సభ్యులలో ఒక్కరైనను అడుగుదురుగాక. ఆ పట్టిక వచ్చినయెడల మేము దానిని ఒక్క పేరును విడువక ఈ పత్రికలో ప్రకటింతుము.