పాదమునకు తగిన పాదరక్ష

శరీరమున పాదములవలె పాటుపడి, పాదములవలె మఱవబడు నవయవములు వేఱు లేవు. ఒక్కొక్క పాదమున 26 ఎముకలు గలవు. పిల్లలలో నివి పూర్తిగా గట్టిపడుటకు యౌవనము వఱకును కాలము పట్టును. అంతవఱకు ఇఱుకు బూటు నొత్తిడికి మెల్లమెల్లగా వంగగలవు. కావున బడిపిల్లల పాదరక్షల సంగతి అలంకారవిషయము గాదు, ఆరోగ్యవిషయమని మా యభిప్రాయము.

తలిదండ్రులు సాధారణముగా రెండు పొరపాట్లు చేయుదురు. నిరుటి బూట్లు చినుగలేదు గదా యని యీ యేడును తొడిగించుట యొకటి. రెండేండ్లు వచ్చునని మిక్కిలి పెద్దవి కొనుట రెండవది. మొదటిదానివలన వ్రేళ్లు ముడుచుకొని ఆనెకాయలు పుట్టును, గోరు కండలోనికి దిగును. రెండవదానివలన మడమ జాఱి బొబ్బలెక్కును. బీదకుటుంబములకు ఏటేట క్రొత్తజత భారమే యని మే మెఱుగుదుము. అందుచేతనే, వెలగల జతకంటె కొలతకు సరిపడు చవుకజత మేలనుచున్నాము.

కొనునప్పుడు పిల్లలను వెంట గొనిపొండు. సాయంకాలమునకు పాదములు కొంచె ముబ్బును గనుక ఆ వేళ కొనుట మంచిది. రెండు బూట్లును తొడిగించి నిలువబెట్టి, పెద్దపాదమునకు సరిచూడవలెను. పొడుగువ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. "వాడగా వాడగా సాగును" అని అంగడివాడు చెప్పినచో నమ్మకుడు. తోలు సాగులోపల వ్రేలు వంగును.

1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండుగారు, కుష్ఠురోగుల పాదముల పుండ్లకు ముఖ్యకారణము నొప్పి తెలియకపోవుటయే యని చూపిరి. మేకు గుచ్చుకొన్నను, చెప్పు కఱచినను వారికి తెలియదు. అట్టివారికి మెత్తని రబ్బరు అట్ట వేసిన చెప్పు లెంతయో మేలుచేసినవి. మధుమేహముచే పాదములు మొద్దుబాఱినవారికిని నేడు వైద్యు లట్టివే సూచించుచున్నారు. నొప్పి యొక కావలివాడు. పిల్లవాడు "బూటు కఱచుచున్నది" అన్నప్పుడు గారాబమని త్రోసివేయరాదు.

పాఠశాలలకును మా మనవి యొకటి గలదు. వానకాలమున తడిసిన బూట్లతో, తడిసిన మేజోళ్లతో దినమంతయు కూర్చుండబెట్టుటకంటె, మడమపట్టీగల చెప్పులకు సెలవిచ్చుట మేలు. బూట్ల మెఱుగును నిత్యము పరీక్షించు మనము, ఆఱునెలల కొకసారి వాని కొలతనుగూడ పరీక్షింపవలదా? బూటు పాదమునకొఱకే గాని, పాదము బూటుకొఱకు గాదు.