వాళ్లు నీస్‌కు, మేము సుగ్గికి

‘మీరు ఏలినోళ్లు గదా, మీకేం తక్కువ?’ ఆదోని టీ బంకుల కాడ, ఎమ్మిగనూరు బస్టాండు కాడ మా చెవులకు అలవాటైపోయిన మాట ఇది. కాషాయం కట్టినవాళ్లే ఈ మాట అంటే ఇంత రాయనక్కర లేదు. ఎర్రజెండా మిత్రులూ అంటారు. కవిత్వం రాసే మిత్రులూ అంటారు. ఇంకా బాధేమిటంటే మాలోనే కొందరు పెద్దలు ఆ మాట విని మీసం దువ్వుతారు. నిజాం నగలు, నిజాం మహళ్లు, నిజాం కొడుకుల పెళ్లి - ఇవన్నీ ఖౌమ్ ఘనతలే వాళ్లకు.

సరే, ఆ పెళ్లి సంగతే మాట్లాడుకుందాం.

1931 నవంబర్ 12. ఫ్రాన్స్ దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున నీస్ పట్టణం. ఐరోపా రాజులు, దొరలు, కోటీశ్వరులు చలికాలం గడపడానికి దిగే విలాసనగరం. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కొడుకులు ఆజం జా, మొఅజ్జం జా అక్కడికి పెళ్లికొడుకులై పోయారు. 1924లో టర్కీ ఖిలాఫత్‌ను రద్దుచేసి దేశం దాటించిన చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ అక్కడే తలదాచుకున్నాడు. ఆయన కూతురు దుర్రె షెహవార్‌ను పెద్దవాడికి, ఆ వంశపు మరో అమ్మాయి నీలోఫర్‌ను చిన్నవాడికి ఇచ్చి నికా చేశారు. ఖలీఫాకు నెలనెలా పింఛను పోయేది నిజాం ఖజానా నుంచే. రాజ్యం పోయిన గొప్ప పేరూ, పేరు కావాల్సిన గొప్ప డబ్బూ సముద్రం ఒడ్డున వియ్యమందుకున్నాయి.

ఆ రోజు మేమెక్కడున్నాం?

నిజాం రాజ్యంలోనే లేము. ఆదోని ఒకప్పుడు నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరు. 1800లో రెండో నిజాం కుంఫిణీ సైన్యం ఖర్చు కింద ఆదోనితో సహా ఈ సీమనంతా ఇంగ్లీషువాడికి రాసిచ్చాడు. దత్తమండలాలు అన్నారు. అంటే ఇచ్చేసినవి. పెళ్లినాటికి ఆదోని, ఎమ్మిగనూరు మద్రాసు రాష్ట్రం బళ్లారి జిల్లాలో ఉన్నాయి. నీస్‌లో షహనాయి మోగేసరికే మేము నిజాం బాకీ కింద జమ అయిపోయి 131 ఏళ్లు. బాకీ కింద పోయినవాణ్ని పట్టుకుని ‘ఏలినోడివి’ అంటే ఏమనాలి?

కొత్త కోడళ్లు హిందూస్తాన్‌కు వచ్చిన పిల్స్‌నా ఓడలోనే రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తున్న గాంధీ కూడా ఉన్నాడు. ఒకే ఓడలో ఖిలాఫత్ ఆడపడుచులూ, ఖద్దరూ. చరిత్ర రాసేవాళ్లకు ఇద్దరూ కనిపించారు. కానీ నూలు వడకాలంటే ముందు దూది ఏకాలి గదా! ఆ దూది ఏకినవాడు ఓడలోనూ లేడు, చరిత్రలోనూ లేడు. పత్తి పండే ఈ నల్లరేగడి నేలమీద విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన దూదేకుల సాయిబు అతడు. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టాడు. ఆ సంఘం పేరు దేశమంతా తెలుసు. దూది ఏకిన చేతుల పేరు పక్క వీధికీ తెలియదు.

ఆ దూదేకులవాణ్ని తెలుగోళ్లు తురకోడన్నారు. ఉర్దూ రాదని తురకలు తెలుగోడన్నారు. నీస్ పెళ్లిని తమదిగా చెప్పుకునే మా పెద్దలను ఒకటే అడుగుతున్నాం: ఖలీఫా కూతురు మీకు చుట్టమయింది. మరి పక్క గల్లీ దూదేకుల పిల్ల మీ ఇంటి కోడలు ఎందుకు కాదు?

ఇది వట్టి గొప్పల గొడవ కాదు. ‘ఏలినోళ్లు’ అనే మాటకు ధర ఉంది, దాన్ని కట్టేది మా పిల్లలు. 2007లో వెనుకబడిన ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చినప్పుడు ‘నవాబులకు రిజర్వేషనా?’ అని నవ్వారు. చట్టం చదివినవాళ్లు నవ్వరు. సయ్యద్, మొగల్, పఠాన్‌లను ఆ చట్టమే పక్కన పెట్టింది. అందులో ఉన్నది అత్తరు సాయిబులు, ఫకీర్లు, తురక చాకళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు. దూదేకులవాళ్లు అంతకుముందే బీసీల జాబితాలో ఉన్నారు. ఆ నాలుగు శాతం కూడా కోర్టుల చుట్టూ తిరిగి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఊపిరి నిలుపుకుంది.

నీస్ వైభవంలో మాకు వాటా రాలేదు. నీస్ నేరంలో మాత్రం అడగకుండానే వాటా ఇచ్చారు. 2016 జులై 14న అదే సముద్రం ఒడ్డున ఒక హంతకుడు జనం మీదికి లారీ తోలి 86 మందిని చంపాడు. చచ్చిపోయినవాళ్లలో ముస్లింలూ ఎందరో ఉన్నారు. అయినా సంజాయిషీ ముస్లింలందరినీ అడిగారు. వచ్చే నెలలో ఆ తీరపు పట్టణాలు ఒళ్లంతా కప్పుకుని ఈదే ఆడవాళ్లను ఒడ్డుకు రావద్దన్నాయి. విల్‌నవ్-లూబే అనే పట్టణం పెట్టిన నిషేధాన్ని ఆగస్టు 26న ఫ్రాన్స్ పెద్ద కోర్టు ఆపాల్సి వచ్చింది. అది ఎక్కడో దూరాన అనుకున్నాం. 2022లో మా పొలిమేర దాటితే వచ్చే కర్ణాటకలో బడి గేటు ముందు ఆడపిల్లల తలగుడ్డ తీయించారు. కప్పుకోమనే మొగవాడూ, తీయమనే సర్కారూ ఇద్దరూ ఆ పిల్లను అడగరు. సెక్యులర్ మిత్రులారా, మీరైనా అడిగారా?

మాకూ ప్రయాణాలున్నాయి. మా ప్రయాణం పేరు సుగ్గి. వాన మొహం చాటేసిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరుకు పోతారు. దళితులు, బోయలు, కురువలు పోతారు. దూదేకులవాళ్లూ, సాయిబులూ పోతారు. లారీలో మూటల మధ్య పిల్లలు, బడిలో ఖాళీ బెంచీలు. మిరప ఘాటుకు మండే కళ్లకు మతం లేదు.

మా చుట్టరికం ఆ లారీలో ఉంది, నీస్ పెళ్లిపందిట్లో లేదు. మా చరిత్ర రాయదలచినవాళ్లు నిజాం నగల పెట్టె మూసి, తాళం పడిన ఈ ఇళ్ల ముందుకు రండి. మమ్మల్ని ఏలినోళ్లుగా కాదు, ఏలబడ్డవాళ్లుగా లెక్క రాయండి. రాయకపోతే మేమే రాస్తాం. రాస్తున్నాం.