ఓటు వారసత్వపు ఆస్తి కాదు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దున, రియో గ్రాండ్ నది ఒడ్డున స్టార్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం. ఇక్కడ నూటికి 95 మందికి పైగా హిస్పానిక్ ప్రజలే. అత్యధికులవి మెక్సికో మూలాలు. 1896 నుంచి 2020 వరకు ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ ఈ కౌంటీ డెమొక్రాట్ల పక్షమే నిలిచింది. 2016లో హిల్లరీ క్లింటన్‌కు ఇక్కడ సుమారు 79 శాతం ఓట్లు వచ్చాయి. 2020లో జో బైడెన్‌కు దక్కినవి 52 శాతమే. 2024లో డొనాల్డ్ ట్రంప్ దాదాపు 58 శాతంతో గెలిచారు.

శతాబ్దానికి పైబడిన ఆ విధేయతకు అన్ని తరాల్లోనూ ఒకే అర్థం లేదు. తొలి తరాల ఓటును దక్షిణ టెక్సాస్ పెత్తందార్లు శాసించారు. పేదల ఓటు పన్ను తామే చెల్లించి, వారి ఓట్లను తమ ఖాతాలో వేసుకున్నారు. తరువాతి తరం రూజ్‌వెల్ట్ సంక్షేమ విధానాలను గుర్తుంచుకుంది. 1975లో ఓటు హక్కుల చట్టపు రక్షణ స్పానిష్ భాషీయులకూ విస్తరించడాన్ని చూసింది. మనుమల తరానికి పెరిగిన ధరలు, చమురు క్షేత్రాల్లో కొలువులు, సరిహద్దు భద్రత ముఖ్యమయ్యాయి.

గెలిచిన పార్టీ ఏదన్నది ఇక్కడ మా చర్చ కాదు. తాతలకు చేసిన మేలును చూపి మనుమల ఓటును సొంత ఆస్తిగా భావించే ధోరణినే మేము ప్రశ్నిస్తున్నాము. ‘ఓటు బ్యాంకు’ అన్న ముద్రను మోస్తున్న మన సమాజానికి ఈ అనుభవం పరాయిది కాదు. అయితే, పార్టీ మారినంత మాత్రాన హక్కులు సమకూరవు. ఓటుకు ముందు హామీని, ఓటు తరువాత దాని అమలును నిలదీసి అడిగే సమాజాన్నే పార్టీలు లెక్కలోకి తీసుకుంటాయి.