కార్జంలో బుడగలు, కబేళాకు తాళాలు

కోసిన గేదె పొట్ట విప్పగానే కార్జం మీద, ఊపిరితిత్తుల మీద తెల్లని నీటి బుడగలు కనిపించడం మన ఖురేషీ సోదరులకు కొత్త కాదు. సంతలో రొక్కం చెల్లించి కొన్న పశువు అది. పాడైన కార్జాన్ని పారవేయవలసిందే. అమ్మినవారు సొమ్ము వెనక్కి ఇవ్వరు, ప్రభుత్వం పరిహారం మాట ఎత్తదు. వైద్యులు హైడాటిడ్ వ్యాధి అని పిలిచే ఈ జబ్బు గురించి మనమే మాట్లాడాలి. మనం మౌనంగా ఉంటే, మరొకరు దీనిని మన వృత్తి మీద నేరారోపణగా మారుస్తారు.

పెద్దమాంసం తింటే ఈ రోగం వస్తుందన్న మాట అసత్యం. బుడగలున్న మాంసం తినడం వల్ల మనిషికి ఇది సోకదు. దీని మూలం కుక్క పేగులలో బతికే, కొద్ది మిల్లీమీటర్ల పొడవైన బద్దెపురుగు. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డికి, నీటికి, కూరగాయలకు చేరుతాయి. గడ్డి మేసిన పశువులో అవి బుడగలుగా పెరుగుతాయి. ఆ బుడగలున్న పచ్చి కార్జం తిన్న కుక్కలో మళ్లీ పురుగులవుతాయి. కడగని ఆకుకూర తిన్న శాకాహారికీ, వీధిలో ఆడుకునే బిడ్డకూ ఆ గుడ్లే సోకుతాయి. బుడగ ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పెరిగి, చివరకు శస్త్రచికిత్స దాకా తెస్తుంది.

ఈ వ్యాధి వల్ల మన దేశానికి ఏటా సుమారు 1,147 కోట్ల రూపాయల నష్టం జరుగుతున్నదని 2014లో పరిశోధకులు అంచనా వేశారు. అందులో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఆవులు, ఎద్దులు, గేదెలలో కలిగే నష్టమే. పారవేసిన కార్జం అందులో ఒక భాగం మాత్రమే. పాలు తగ్గడం, బరువు తగ్గడం, ఈతలు తగ్గడం కూడా ఆ లెక్కలోనివే. అంటే కసాయితో పాటు గేదెను నమ్ముకున్న చిన్న రైతూ నష్టపోతున్నాడు.

ఇక చట్టం సంగతి చూద్దాం. 1977 నాటి పశు సంరక్షణ చట్టం ప్రకారం పాడికి, పనికి, సంతానోత్పత్తికి పనికిరాదని ధ్రువీకరించిన గేదెనే వధించాలి. కనుక కబేళాకు వచ్చేవి ఎక్కువగా ముసలి పశువులే. వయసు పెరిగినకొద్దీ బుడగలు ఉండే అవకాశమూ పెరుగుతుంది. ముసలి పశువునే కోయమన్న ప్రభుత్వం, దాని జబ్బు భారాన్ని కోసేవాడి నెత్తిన మోపడం ఏ న్యాయం?

2001 నాటి వధశాల నియమాలు పురపాలక ప్రాంతంలో గుర్తింపు పొందిన కబేళాలోనే వధించాలన్నాయి. పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 పశువులకు మించి పరీక్షించరాదన్నాయి. రాజ్యాంగం 12వ షెడ్యూలు కబేళాల నియంత్రణను పురపాలక సంఘాల విధులలో చేర్చింది. మరి ఎన్ని పట్టణాలలో నీరు, మురుగు కాలువ, ప్రహరీ, పశువైద్యుడు ఉన్న కబేళా ఉంది? కబేళా కట్టరు, ఉన్నదాన్ని బాగుచేయరు, లైసెన్సు ఇవ్వరు. ఆపై అక్రమ వధ అంటూ కేసులు పెడతారు. తాళం వేసిన ప్రతి కబేళా వధను సందులలోకి, వ్యర్థాలను కుక్కల నోటికి నెడుతుంది. వ్యాధిని పెంచుతున్నది ఈ నిర్లక్ష్యమే.

అయితే మన తప్పును మనం దాచుకోకూడదు. దుకాణం ముందు కాచుకున్న కుక్కకు పాడైన కార్జం విసిరే అలవాటు మనలో ఉంది. బక్రీద్ నాడు వ్యర్థాలను వీధి మూలన వదిలే కుటుంబాలూ ఉన్నాయి. పరిశుభ్రతను ఈమాన్‌లో భాగంగా భావించే మనకు ఇది తగదు. బుడగలున్న అవయవాన్ని కాల్చాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పాతాలి. ఇందుకు ఏ అధికారి అనుమతీ అక్కరలేదు.

ప్రభుత్వాన్ని మనం కోరేది దయ కాదు, దాని విధి నిర్వహణ. ప్రతి పట్టణంలో ప్రహరీ గల కబేళా ఉండాలి. అక్కడ పశువైద్యుడు ఉండాలి. పారవేసిన అవయవాలకు లెక్క, పరిహారం ఉండాలి. వీధికుక్కలకు క్రమం తప్పక ప్రాజిక్వాంటెల్ మందు వేయాలి. ఈ వినతిని జమాతులు, ఖురేషీ సంఘాలు, రైతు సంఘాలు కలిసి పురపాలక సంఘాల ముందు ఉంచాలి. కబేళా బాగుపడితే ఖురేషీ జీవనోపాధి నిలుస్తుంది, రైతు గేదె బతుకుతుంది, ఊరి బిడ్డలందరి ఆరోగ్యమూ నిలుస్తుంది.