సభలో ప్రశ్న మాది, జవాబు మాకే రావాలె

సర్కారుకు రెండు లెక్కలుంటయని 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చెప్పిండు. ఎన్నికలప్పుడు ఓటర్లు తీసే లెక్క ఒకటి. సభ్యులు ప్రశ్నలతో రోజూ తీసే లెక్క ఇంకొకటి. రోజు లెక్క బందయితే మనకు మిగిలేది అయిదేండ్లకోసారి సారా సీసా, నోట్ల కట్ట!

నాచారం ఫ్యాక్టరీల్లో మా వాళ్ల జీతంలో 2019 జులై నుంచి నూటికి 75 పైసలు ఈఎస్ఐకి కోస్తున్నరు. నాచారం ఈఎస్ఐ దవాఖానను నడిపేది రాష్ట్ర సర్కారు. రాష్ట్ర ఈఎస్ఐ మందుల కొనుగోళ్లలో అవినీతి అని 2019లోనే ఏసీబీ కేసు పెట్టి అధికారులను అరెస్టు చేసింది. మేం అడిగేది మూడే. డాక్టర్ పోస్టులు ఎన్ని ఖాళీ? ఏ మందులు లేవు? ఆ కేసు ఏడికొచ్చింది? ఇది దయ అడుగుడు కాదు, మా పైసల లెక్క అడుగుడు.

119 సీట్లలో ఎస్సీలకు 19. ఉప్పల్ జనరల్ సీటు. అయితే ఏంది? గెలిచినోళ్ల ఓట్లల్ల మా ఓట్లు లేవా?

ఉప్పల్, నాచారం బస్తీల అన్నలారా, అక్కలారా! ఈ మూడు ప్రశ్నలు కాయితం మీద రాసి ఎమ్మెల్యే చేతికియ్యండి. నక్షత్రం గుర్తు ప్రశ్నగా వేయమనండి. అప్పుడు మంత్రి సభలో నోటితోనే జవాబు చెప్పాలె, అనుబంధ ప్రశ్నలకూ నిలబడాలె. అడగకుంటే, అడగలేదని బస్తీ గోడ మీద రాయండి.